ఇంటివద్ద డీజే మిక్స్ రికార్డింగు – ధ్వని నాణ్యత

ఈ భాగం చదివిన తరువాత, డీజే మిక్స్‌ను ఇంటివద్ద రికార్డు చేసేటప్పుడు ధ్వని ఏ దశలో చెడిపోతుందో మీరు గుర్తించగలుగుతారు. స్థాయిని సరిగా అమర్చుకోవడం, గుయ్యిమనే శబ్దానికి కారణం కనిపెట్టడం, పూర్తయిన మిక్స్‌ను ఏ రూపంలో భద్రపరచాలో నిర్ణయించుకోవడం కూడా నేర్చుకుంటారు. ఇంటర్మీడియట్‌లో ధ్వని తరంగాలు, విద్యుత్తు పాఠాలు చదివినవారికి ఆ జ్ఞానం ఇక్కడ పనికివస్తుంది. చదవనివారికి కూడా అర్థమయ్యే విధంగానే వివరించడం జరిగింది.

పరిచయం

కామారెడ్డి జిల్లా బీబీపేట వంటి మండల కేంద్రంలో మీరు డిగ్రీ చదువుకుంటూ, పెళ్లిళ్ల సీజనులో బరాత్‌లకు పాటలు కలిపి ఇస్తున్నారనుకోండి. దగ్గర ఉన్నవి ఒక ల్యాప్‌టాప్, ఒక చిన్న కంట్రోలర్, ఒక హెడ్‌ఫోను. రాత్రి పది దాటాక కూర్చుని, నాలుగు జానపద గీతాలకు తీన్మార్ దరువు జోడించి నలభై ఐదు నిమిషాల మిక్స్ తయారు చేశారు. ఫోనులో విన్నారు. బాగానే ఉంది. పెన్‌డ్రైవ్‌లో వేసి సౌండు సిస్టమ్ వారికి ఇచ్చారు. మరునాడు పద్దెనిమిది అంగుళాల బేస్ బాక్సుల మీద అదే మిక్స్ గరగరలాడింది. డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా గొంతు మునిగిపోయింది. బాక్సులవారు తప్పు మీ రికార్డింగుదన్నారు, మీరు బాక్సులదన్నారు.

ఈ తగాదాలో ఎక్కువసార్లు సౌండు సిస్టమ్ వారి మాటే నిజమవుతుంది. ఫోను స్పీకరు చాలా చిన్నది. 100 హెర్ట్జ్‌లకు దిగువన ఉన్న ధ్వనిని అది దాదాపు వినిపించదు. కాబట్టి బేస్‌లో జరిగిన లోపం ఫోనులో దాగి ఉండి, పెద్ద బాక్సుల ముందు బయటపడుతుంది. రాబోయే బేరం ఆ రాత్రి వినిపించిన ధ్వని మీదనే ఆధారపడి ఉంటుంది గనుక, ఈ పాఠాన్ని కేవలం సరదా విషయంగా చూడవద్దు.

మరొక కారణం కూడా ఉంది. మన ప్రాంతపు డీజే మిక్స్‌లలో సినిమా పాటలతోపాటు ఊళ్లో పెద్దలు పాడిన బతుకమ్మ పాటలు, ఒగ్గు డోలు, డప్పు దరువులు కూడా చేరుతున్నాయి. వాటిలో కొన్ని ఒక్కసారి మాత్రమే రికార్డయినవి. పాడిన మనిషి మళ్లీ పాడే అవకాశం లేకపోవచ్చు. సినిమా పాట చెడిపోతే మరో ప్రతి దొరుకుతుంది. ఇది దొరకదు.

శబ్దం నడిచే దారి

పాట ఫైలు నుండి రికార్డయిన ఫైలు వరకు ధ్వని కొన్ని మజిలీలు దాటుతుంది. మొదట మూల ఫైలు, తరువాత ప్లేయర్, మిక్సర్‌లో ఆ చానెల్ గెయిన్, ఫేడర్, మాస్టర్, అక్కడి నుండి తీగ, చివరకు రికార్డు చేసే పరికరం. కాలువలో ఎగువన బురద కలిస్తే దిగువన గుడ్డ కట్టి ఎంత వడకట్టినా నీరు మునుపటిలా కాదు. రికార్డింగులోనూ అంతే. అందువల్ల లోపం వెదికేటప్పుడు ఎప్పుడూ మొదటి మజిలీ నుండే మొదలుపెట్టాలి.

అంతా సాఫ్ట్‌వేర్‌లోనే కలిపేవారికి ఈ దారి చాలా చిన్నది. కంట్రోలర్‌ను యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కు కలిపి వాడే పద్ధతిలో, ధ్వని కలయిక సాధారణంగా ల్యాప్‌టాప్‌లోనే అంకెల రూపంలో జరుగుతుంది. వర్చువల్ డీజే, ఉచితంగా లభించే మిక్స్ వంటి సాఫ్ట్‌వేర్‌లలో రికార్డు మీట ఉంది. అది నొక్కితే తీగల ప్రమేయం లేకుండా నేరుగా ఫైలు తయారవుతుంది. ఇంటివద్ద పని మొదలుపెట్టేవారికి ఇదే ఉత్తమమైన దారి అని నా అభిప్రాయం. ఖరీదైన తీగలు, సౌండు కార్డులు కొనడానికి ముందు దీనితో ఒక సంవత్సరం పని చేసి చూడండి.

మూల ఫైలు

డౌన్‌లోడ్ చేసిన వీడియో నుండి పాటను వేరు చేసి, దానిని సెకనుకు 320 కిలోబిట్ల ఎంపీ3గా మార్చి ‘హై క్వాలిటీ’ అని పేరు పెట్టడం మనవద్ద బాగా అలవాటైంది. ఎంపీ3 పద్ధతిలో, మన చెవికి అంతగా పట్టదని లెక్కకట్టిన సమాచారాన్ని తీసివేసి ఫైలును చిన్నది చేస్తారు. తీసివేసినది మళ్లీ రాదు. 128 కిలోబిట్ల ఫైలును 320కి మార్చితే సంచి పెద్దదవుతుంది, బియ్యం పెరగవు.

దీనిని కంటితో చూసి తెలుసుకోవచ్చు. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాటను తెరిచి, తరంగ చిత్రానికి బదులుగా స్పెక్ట్రోగ్రామ్ చూపమని అడగండి. నిలువు అక్షం మీద పౌనఃపున్యం కనిపిస్తుంది. మంచి ప్రతిలో రంగు 20 కిలోహెర్ట్జ్‌ల దరిదాపుల వరకు వ్యాపిస్తుంది. బాగా కుదించిన ప్రతిలో 16 కిలోహెర్ట్జ్‌ల వద్ద కత్తితో కోసినట్లు ఆగిపోతుంది. పాత పాటలలో పై పౌనఃపున్యాలు అసలు రికార్డింగులోనే తక్కువగా ఉండవచ్చు గనుక, ఈ పరీక్షను కొత్త పాటలకే నమ్మకంగా వాడండి.

కుదించిన పాటలను కలిపి, ఆ మిక్స్‌ను మళ్లీ ఎంపీ3గా భద్రపరిస్తే నష్టం రెండోసారి జరుగుతుంది. క్యాసెట్ల కాలం తెలిసినవారికి ఇది కొత్త సంగతి కాదు. పాటల జాబితా రాసి క్యాసెట్ షాపులో ఇస్తే వారు నింపి ఇచ్చేవారు. ఆ క్యాసెట్ నుండి మిత్రుడు ఒకటి, అతని నుండి మరొకరు ఒకటి చేసుకునేసరికి పాట కంటే బుస్సుమనే శబ్దమే ఎక్కువ వినిపించేది. డిజిటల్‌లో బుస్స ఉండదు. దాని స్థానంలో తాళాల శబ్దం నీళ్లలో నుండి వస్తున్నట్లు మారుతుంది.

వేగం మార్చడం గురించి ఒక మాట. జానపద గీతాన్ని తీన్మార్ దరువుకు అందించడానికి వేగం పెంచుతాం. శ్రుతి మారకుండా పట్టి ఉంచే మీట వేయకపోతే, 6 శాతం వేగం పెంచినప్పుడు పాట దాదాపు అర స్వరం పైకి పోతుంది. మీట వేస్తే శ్రుతి నిలుస్తుంది గాని, సాఫ్ట్‌వేర్ ధ్వనిని చిన్న ముక్కలుగా కోసి అతుకుతుంది. మార్పు పెరిగేకొద్దీ గొంతులో ఆ అతుకులు వినిపిస్తాయి. వేగం దగ్గరగా ఉన్న పాటలను పక్కపక్కన పెట్టుకోవడమే దీనికి మందు.

స్థాయి – ఈ పాఠంలో అతి ముఖ్యమైన భాగం

డిజిటల్ రికార్డింగులో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాస్తారు. ఇది సీడీ కొలత. ఒక పౌనఃపున్యాన్ని పట్టుకోవడానికి దానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలి. మనిషి చెవి వినగలిగేది సుమారు 20 కిలోహెర్ట్జ్‌ల వరకే కాబట్టి ఈ కొలత సరిపోతుంది. ఒక్కొక్క కొలతను 16 బిట్లలో రాస్తే 65,536 మెట్లు లభిస్తాయి. బిట్ ఒక్కంటికి సుమారు 6 డెసిబెళ్ల చొప్పున, అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య 96 డెసిబెళ్ల వ్యాప్తి దొరుకుతుంది. 24 బిట్లలో అది లెక్క ప్రకారం 144 డెసిబెళ్లు. వాస్తవంలో ఏ పరికరమూ అంత ఇవ్వదు.

ఈ మెట్లకు పైకప్పు ఉంది. డిజిటల్ మీటరులో దానిని సున్నా డెసిబెల్ అంటారు. మిగతా స్థాయిలన్నీ దాని దిగువన ఋణ సంఖ్యలు. తరంగం సున్నాను దాటబోతే రాయడానికి అంకె లేదు, కాబట్టి శిఖరం అక్కడే సమతలంగా తెగిపోతుంది. దీనినే క్లిప్పింగు అంటారు. గుండ్రని శిఖరం చదునైనప్పుడు, మూలంలో లేని కొత్త పౌనఃపున్యాలు పుట్టుకొస్తాయి. మనం గరగర అనేది వాటినే.

‘మీటరు ఎర్ర గీత తాకేలా రికార్డు చెయ్యి, అప్పుడే పాట బలంగా వస్తుంది’ అని అనుభవజ్ఞులు చెబుతుంటారు. టేపు కాలంలో ఆ సలహాకు అర్థం ఉంది. టేపుకు సొంత బుస్స ఉండేది కనుక పాటను దానికి బాగా పైన ఉంచవలసి వచ్చేది. పైగా అయస్కాంత పదార్థం హద్దు దాటినప్పుడు శిఖరాలను కొంత మెత్తగానే వంచేది. డిజిటల్‌కు ఈ రెండు లక్షణాలూ లేవు. పాత సలహాను కొత్త యంత్రానికి అన్వయిస్తే నష్టమే.

అందువల్ల 24 బిట్లలో రికార్డు చేస్తూ, అతి పెద్ద శబ్దం వచ్చినప్పుడు కూడా మీటరు –6 డెసిబెళ్ల దగ్గర ఆగేలా చూసుకోండి. –6 అంటే తరంగం ఎత్తు పైకప్పులో సగం. సగం స్థలం వృథా అయిందని బాధపడనవసరం లేదు. 24 బిట్లలో ఒక బిట్ పోతే ఇంకా 23 ఉంటాయి. తక్కువ స్థాయిలో వచ్చిన రికార్డింగును తరువాత పెంచుకోవచ్చు. తెగిన శిఖరాన్ని తిరిగి తెచ్చుకోలేం. అతికే సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి గాని, అవి శిఖరం ఇలా ఉండి ఉంటుందని ఊహించి గీస్తాయి, అంతే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మిక్సర్ చానెల్‌లో ఎర్ర దీపం వెలుగుతుంటే, రికార్డరులో గెయిన్ తగ్గించి సరిపోయిందనుకుంటారు. రికార్డరు మీటరు –6 చూపుతుంది, ధ్వని మాత్రం గరగరలాడుతుంది. శిఖరం మిక్సర్‌లోనే తెగింది. రికార్డరు ఆ తెగిన తరంగాన్నే చిన్నదిగా రాసుకుంది. కాబట్టి ముందు ప్రతి పాటకూ చానెల్ గెయిన్ సరిచేయండి. 1970ల నాటి సినిమా పాట, నిన్న విడుదలైన పాట ఒకే స్థాయిలో ఉండవు. ఫేడర్ పూర్తిగా పైన ఉంచి, పాటలో అతి బలమైన భాగాన్ని వినిపిస్తూ గెయిన్ తిప్పాలి. తరువాత మాస్టర్, అన్నిటికంటే చివర రికార్డరు.

డప్పుకు అదనపు జాగ్రత్త అవసరం. చిర్రపుల్ల తగిలిన క్షణంలో ధ్వని కొన్ని మిల్లీసెకన్లలోనే శిఖరానికి చేరి పడిపోతుంది. పాత పద్ధతి ముల్లు మీటరు సుమారు 300 మిల్లీసెకన్ల సగటును చూపుతుంది కనుక ఆ శిఖరం దానికి అందదు. ముల్లు ప్రశాంతంగా ఉన్నప్పటికీ దెబ్బ తెగి ఉండవచ్చు. శిఖరాన్ని చూపే డిజిటల్ మీటరునే నమ్మండి. మరొక చిన్న విషయం: డప్పును మంట మీద కాచిన వెంటనే ఒక నాదం, చల్లారాక మరొక నాదం. ఒకే దళం నుండి మీరు రికార్డు చేసుకున్న దరువులైనా, కాచిన సమయాన్ని బట్టి ఒకదానితో ఒకటి అతకకపోవచ్చు. అది మీ పరికరాల లోపం కాదు.

రెండు పాటలు కలిసే చోట

స్థాయి పరీక్షను ఒకే పాటతో చేసి సంతృప్తి పడవద్దు. సంబంధం లేని రెండు ధ్వనులు సమాన స్థాయిలో కలిస్తే మొత్తం సుమారు 3 డెసిబెళ్లు పెరుగుతుంది. అయితే డీజే చేసే పనే రెండు పాటల దరువులను ఒకే క్షణంలో పడేలా కలపడం. రెండు బేస్ దెబ్బలు ఒకే దిశలో, ఒకే క్షణంలో పడితే పెరుగుదల 6 డెసిబెళ్ల వరకు వెళ్తుంది. అంటే తరంగం ఎత్తు రెట్టింపు. ఒంటరి పాటకు –3 వద్ద ఆగిన మీటరు, పాటలు మారే చోట పైకప్పును గుద్దుకుంటుంది. దెబ్బలు కొంచెం అటూ ఇటూ అయితే, ఒకటి పైకి తోసినప్పుడు మరొకటి కిందికి లాగి బేస్ పలచబడుతుంది. మీ మిక్స్‌లో పాట మారే చోట్లే గరగర వస్తోందంటే కారణం ఇదే.

నివారణ సులభం. కొత్త పాటను ప్రవేశపెట్టేటప్పుడు దాని బేస్ మీటను పూర్తిగా తగ్గించి ఉంచండి. పైన తాళాలు, గొంతు కలిశాక, చరణం ముగిసే దగ్గర పాత పాట బేస్ తగ్గిస్తూ కొత్త పాట బేస్ తెరవండి. ఒక సమయంలో ఒకే బేస్. పనితనం తెలిసేది ఈ మార్పిడిలోనే. వంద రూపాయల తీగకు బదులు వెయ్యి రూపాయల తీగ కొన్నందువల్ల రాని స్పష్టత దీనివల్ల వస్తుంది.

తీగలు, గుయ్యిమనే శబ్దం

విడి మిక్సర్ నుండి ల్యాప్‌టాప్‌కు రికార్డు చేసేవారికి ఈ భాగం. మిక్సర్‌లో రికార్డు అవుట్ ఉంటే దానినే వాడండి. సాధారణంగా అది మాస్టర్ మీటకు లోబడదు, కాబట్టి గదిలో శబ్దం తగ్గించినా రికార్డింగు మారదు. అక్కడి నుండి వచ్చేది లైన్ స్థాయి సంకేతం. ఇళ్లలో వాడే పరికరాలలో అది సుమారు 0.3 వోల్టులు, వృత్తిపరమైన పరికరాలలో సుమారు 1.2 వోల్టులు. మైకు ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. ల్యాప్‌టాప్‌కు ఉండే ఒంటి రంధ్రంలోని మైకు మార్గం ఆ మిల్లీవోల్టుల కోసం చేసినది, పైగా మోనో. దానిలోకి మిక్సర్ తీగ గుచ్చితే చిన్న గరాటులోకి మోటారు నీళ్లు వదిలినట్లే. స్టీరియో లైన్ ఇన్ ఉన్న ఒక చిన్న యూఎస్‌బీ సౌండు కార్డు తప్పనిసరి.

గుయ్యిమనే శబ్దం మన కరెంటు నుండి వస్తుంది. మన సరఫరా 50 హెర్ట్జ్‌లు. ఆ శబ్దం 50, 100 హెర్ట్జ్‌ల వద్ద వినిపిస్తుంది. మిక్సర్ ఒక ప్లగ్గులో, ల్యాప్‌టాప్ చార్జరు వేరే గదిలోని ప్లగ్గులో ఉంటే, రెండిటి ఎర్త్ మధ్య ఉన్న స్వల్ప తేడా వల్ల తీగ కవచం గుండా కరెంటు తిరుగుతుంది. పరీక్షగా చార్జరు తీసి బ్యాటరీ మీద నడపండి. శబ్దం పోయిందా, కారణం దొరికినట్లే. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కలపండి. అయినా పోకపోతే మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెట్టుకోండి. ఇంట్లో ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సరిచేయించాలి. ఏ పరిస్థితిలోనూ ప్లగ్గు మూడో పిన్ను విరిచివేయవద్దు. శబ్దం పోవచ్చు గాని, లోపల తీగ ఊడి లోహపు పెట్టెకు తగిలిన రోజున ప్రాణానికి అడ్డు నిలిచేది ఆ పిన్నే.

మధ్యమధ్య టిక్కు టిక్కుమని పగుళ్లు వినిపిస్తే అది తీగ లోపం కాకపోవచ్చు. ల్యాప్‌టాప్ ఒకేసారి చాలా పనులు చేస్తూ ధ్వనిని సమయానికి అందించలేకపోతోందని అర్థం. సాఫ్ట్‌వేర్‌లో బఫర్‌ను 512కు పెంచండి. 44,100 కొలతల వేగంలో అది 12 మిల్లీసెకన్ల కంటే తక్కువ ఆలస్యమే. ఇంటర్నెట్ ఆపి, ఫోనును దూరంగా పెట్టండి.

మైకు, గది

మిక్స్ మధ్యలో మీ పేరు, ఊరి పేరు చెప్పే అలవాటు ఉంటేనే గది గురించి ఆలోచించాలి. మిక్సర్ నుండి నేరుగా వెళ్లే పాటలకు ఫ్యాను, వీధి కుక్కలు అడ్డురావు. మాటకు మాత్రం అన్నీ అడ్డమే. టైల్స్ పరిచిన ఖాళీ గది కంటే, పరుపులు, దుప్పట్లు, బట్టలు ఉన్న గది మేలు. రేకుల ఇల్లయితే వాన లేని వేళ చూసుకోండి. స్పీకర్లు ఆపి హెడ్‌ఫోను పెట్టుకుని, మైకుకు జానెడు దూరం నుండి, కొంచెం పక్కకు తిరిగి మాట్లాడండి. ఇంకా మంచి పద్ధతి, మాటలను విడిగా రికార్డు చేసి తరువాత కలపడం. పేరు ఎన్నిసార్లు చెప్పాలన్నది మీ ఇష్టం. పాట పల్లవి మీద చెప్పకపోతే వినేవారు సంతోషిస్తారు.

భద్రపరచడం

మొదటి ప్రతిని వేవ్ ఫైలుగానే ఉంచాలి. ఎంత స్థలం పడుతుందో లెక్క వేయండి: 44,100 కొలతలు, ఒక్కొక్కటి 24 బిట్లు అంటే 3 బైట్లు, ఎడమ కుడి కలిపి రెండు చానెళ్లు. సెకనుకు 2,64,600 బైట్లు, నిమిషానికి సుమారు 16 మెగాబైట్లు. నలభై ఐదు నిమిషాల మిక్స్‌కు దాదాపు 714 మెగాబైట్లు. అదే మిక్స్ 320 కిలోబిట్ల ఎంపీ3లో ఎంత అవుతుందో మీరే కట్టి చూడండి. 108 మెగాబైట్లు రావాలి.

వేవ్ ఫైలు తెరిచి, మొత్తం స్థాయిని శిఖరం –1 డెసిబెల్ వద్దకు వచ్చేలా పెంచండి. సున్నా వరకు పెంచకండి. ఎంపీ3గా మార్చి మళ్లీ వినిపించేటప్పుడు తరంగం కొద్దిగా ఎగబాకుతుంది. ఇంకా బలంగా ఉండాలని లిమిటర్‌తో నొక్కే ముందు ఆలోచించండి. యూట్యూబ్ బలమైన ధ్వనిని సుమారు –14 ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే కొలతకు తనంతట తానే తగ్గిస్తుంది. నొక్కి పంపినా బలం మిగలదు, డప్పు పదును మాత్రం పోతుంది. సౌండు సిస్టమ్ వారికి వాట్సాప్‌లో పంపవలసి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి, ఫైలు మారదు.

బయట పెట్టే ముందు హక్కుల సంగతి చూసుకోవాలి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ధ్వని ముద్రణ మీద హక్కు, ప్రచురించిన తరువాత 60 సంవత్సరాలు ఉంటుంది. పాట తరతరాల జానపదమే కావచ్చు. కాని ఫలానా రికార్డింగు దానిని చేసినవారిదే. ఊరి గాయకుల గొంతు వాడుకుంటే ముందు అడగండి, ఫైలు పేరులో వారి పేరు, ఊరు, తేదీ రాయండి.

వినడం

పూర్తయిన మిక్స్‌ను కనీసం మూడు చోట్ల వినండి: హెడ్‌ఫోను, ఫోను, కారు లేదా ఆటోలోని స్పీకరు. వీలైతే సౌండు సిస్టమ్ వారి దగ్గరకు పగటిపూట వెళ్లి ఒక్క బేస్ బాక్సు మీద, తక్కువ శబ్దంతో, పాటలు మారే చోట్లు మాత్రమే వినిపించమనండి. పది నిమిషాల పని. పరిచయంలో చెప్పిన తగాదా ఇక రాదు.

ఇంటివద్ద పెద్ద శబ్దంతో పరీక్షించడం కుదరదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు 45 డెసిబెళ్లు పరిమితి. 2024 అక్టోబరులో హైదరాబాద్ నగర పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజే సౌండును నిషేధించారు. ఈ వృత్తిలోకి వచ్చేవారు ఈ మార్పులను గమనిస్తూ ఉండాలి.

ఇక మీ చెవులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం 80 డెసిబెళ్ల ధ్వనిని వారానికి 40 గంటలకు మించి వినకూడదు. స్థాయి 3 డెసిబెళ్లు పెరిగినప్పుడల్లా సురక్షితమైన సమయం సగమవుతుంది. 90 డెసిబెళ్ల వద్ద అది వారానికి 4 గంటలే. హెడ్‌ఫోనుతో రాత్రంతా కూర్చునేవారికి చెవిలో గుయ్యిమనే శబ్దం మొదలైతే, ముందు హెడ్‌ఫోను తీసి అది ఆగుతుందో లేదో చూడండి. మరునాటికీ ఆగకపోతే తీగలు వెదకడం మాని చెవి డాక్టరు దగ్గరకు వెళ్లండి.